మంగళవారం వరసలో నీలం కప్పు

మార్చి 16, 2021, మంగళవారం

ఈరోజు క్లబ్బులో నా ఉపన్యాసం బ్రహ్మాండంగా కుదిరింది. ఇంకెవరూ రాసిపెట్టరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

ఆరోగ్య కేంద్రంలో మంగళవారాలు మావి. చక్కెరవాళ్ళు, బీపీవాళ్ళు, ఉబ్బసంవాళ్ళు, అంటే ఒకసారి వచ్చాక మళ్ళీ పోని జబ్బులున్న వాళ్ళందరికీ ఆ రోజే మందులిస్తారు. పొద్దున్నే వచ్చి ఎవరి గుర్తు వాళ్ళు వరసలో పెట్టేసి మామిడి చెట్టు కింద బెంచీల మీద కూర్చుంటాం; అదే మా క్లబ్బు, నేనే అధ్యక్షుణ్ణి. నాది సగం ఇటుక. నా స్నేహితుడు లాక్సన్ మంగులెంజేది నల్ల వార్నిష్ పూసిన చెక్కముక్క. వాడు శవపేటికలు చేస్తాడు. నా భార్య ఫనేసిది తెగిన చెప్పు. మండాసీలు, అంటే తీపి పిండి ఉండలు, వేయించి అమ్ముకునే అబితి సుమానీది నీలం ప్లాస్టిక్ కప్పు. వరస కదిలినప్పుడల్లా వెనకవాళ్ళు ముందున్న గుర్తుల్ని కూడా జరుపుతారు. ఒకరి ఇటుకను దాటి ముందుకు పోయిన మనిషి ఈ ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదు. జోంబా కొండ కదిలినా కదులుతుంది గానీ ఆ మర్యాద కదలదు.

నర్సు యాంఖో బయటికి వచ్చి, కరోనా టీకా వచ్చిందనీ, మాలాంటి వాళ్ళకే ముందనీ చెప్పింది.

లాక్సన్ లేచాడు. "మాకే ముందెందుకమ్మా? మాత్రలు తక్కువైనప్పుడు మేం ఎక్కడుంటాం? చివర్న. సూదికొచ్చేసరికి ముందా? పెళ్ళిభోజనానికి పిలవనోడు పాడె మొయ్యడానికి పిలిచినట్టుంది."

బెంచీల మీద నవ్వులు. వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "మనం ఊరికే మాత్రలు మింగేవాళ్ళం గదా, సర్కారుకి ఖర్చు. ఆ ఖర్చు తగ్గించే సూదేమో!"

అప్పుడు నేను లేచాను. అధ్యక్షుడు లేవక తప్పదు. జీవితమంతా కోర్టులో దుబాసీగా చేసినవాణ్ణి, సాక్ష్యం లేకుండా తీర్పు ఎలా ఇస్తాను? "మన ఒంట్లో ఇప్పటికే చక్కెరకొకటి, బీపీకొకటి మందులు కాపురం చేస్తున్నాయి. ఇప్పుడు మూడోదాన్ని తెచ్చి పెడితే ఇంట్లో గొడవ రాదా? ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు వేయించుకోనివ్వండి. వాళ్ళకేమీ కాకపోతే మన కేసు చూద్దాం. అంతవరకు వాయిదా! నా చెయ్యి నరికినా సరే, ఈ ఎడమ భుజం మీద ఆ సూది పడనివ్వను" అన్నాను.

చప్పట్లు. అందరూ రెండు చేతులతో కొట్టారు. మనమంతా ఒకటే మాట అని తీర్మానం కూడా అయింది.

యాంఖో మాత్రం "రోజూ పొట్టలో ఇన్సులిన్ పొడుచుకుంటారు, మీకు సూదంటే భయమా సార్?" అంది. చిన్నపిల్ల. భయానికీ విచక్షణకీ తేడా తెలియదు.

ఇంటికి వచ్చే దారిలో అబితి సుమానీ ఆయాసపడుతూ నా పక్కనే నడిచింది. ఆమెకు చక్కెరా ఉంది, ఉబ్బసమూ ఉంది. "అయ్యా చైర్మన్ గారూ, నాకు అంత పెద్ద మాటలు తెలీవు. వేయించుకోనా, వద్దా? ఒక్క మాట చెప్పండి చాలు."

"వాయిదా అన్నాను కదమ్మా."

"అట్టాగే. మీరు వేయించుకున్న రోజు నేనూ వేయించుకుంటా. పొలం దావాలో నేను యావో భాషలో చెప్పిన మాటని ఉన్నదున్నట్టు మేజిస్ట్రేటుకి చెప్పిన నోరు మీది. ఆ నోట అబద్ధం రాదు."

దావా విషయం నాకు గుర్తే. దుబాసీ సాక్షి మాటను సాక్షిలాగే చెప్పాలి. సాక్షి "నేను కొట్టాను" అంటే మేమూ "నేను కొట్టాను" అనాలి. ఆరోజు నేను మేజిస్ట్రేటు ముందు నిలబడి "నేను విధవని, నాకు ఆ చెరకు మడి తప్ప ఇంకేమీ లేదు" అన్నాను. కోర్టంతా కిసుక్కున నవ్వింది. అబితి మాత్రం నవ్వలేదు. దావా గెలిచింది.

మార్చి 19

పక్కింటి ఫుట్‌బాల్ కోచ్‌ని పిలిచి, నువ్వు గుర్రంలా ఉన్నావు, ముందు నువ్వు వేయించుకో అన్నాను. "లేదు సార్, ముందు మీరు. మీరు ఎలాగూ..." అని ఆగాడు.

"ఎలాగూ ఏమిటి?"

"ఏం లేదు సార్" అని బంతి తీసుకుని పోయాడు.

ఎలాగూ ఏమిటి?

మార్చి 23, మంగళవారం

ఎవరూ వేయించుకోలేదు. తీర్మానం నిలబడింది. యాంఖో టీకా పెట్టె పక్కన కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంది.

ఏప్రిల్ 1

ఫనేసి నిన్న లివొండేలో వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళి ఈరోజు వచ్చింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. ఎడమ చెయ్యి పైకి ఎత్తలేకపోతోంది. మినీబస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. ఈ మినీబస్సుల వాళ్ళు మనుషుల్ని చేపల బుట్టల్లా కుక్కుతారు. వాళ్ళమీద ఎవరైనా దావా వెయ్యాలి.

ఏప్రిల్ 4, ఈస్టర్

చర్చిలో పాటలు బాగానే పాడారు. కానీ గాయక బృందంలో సగం మంది ఆడవాళ్ళు చప్పట్లు కొట్టడం మానేసి కుడిచేత్తో తొడ మీద తాళం వేస్తున్నారు. కొత్త పద్ధతి కాబోలు. నాకు పాత పద్ధతే నచ్చుతుంది.

ఏప్రిల్ 9

లాక్సన్ దుకాణంలో సుత్తి చప్పుడు లేదు. "తొందరేం లేదు శవపేటికలు" అని బోర్డు రాసుకున్నవాడు నిజంగానే తొందరపడటం మానేశాడా అనుకుంటూ వెళ్ళాను. చెక్క పొట్టు మీద పడుకుని ఉన్నాడు. భుజం పట్టేసిందట.

"ఏ భుజంరా?"

"ఎడమది."

"నువ్వు సుత్తి కొట్టేది కుడిచేత్తో గదా?"

"మేకు పట్టుకునేది ఎడమ చేత్తో గదరా! నీకేం తెలుసు, జీవితమంతా నోటితో బతికావు."

నిజమే. మేకు సంగతి నాకు తట్టలేదు. వెల్లుల్లి, ఆవాల నూనె కలిపి రాసుకోమన్నాను. బావో ఆడుదామంటే కుడిచేత్తోనే గుంటల్లో గింజలు పంచాడు. రెండు ఆటలు నేనే గెలిచాను.

ఏప్రిల్ 16

అబితి సుమానీ రోజా ఉపవాసాలు మొదలెట్టింది. చక్కెర ఉన్నవాళ్ళకి వద్దని యాంఖో చెప్పినా వినలేదట. అయినా సాయంత్రం నా కోసం చక్కెర లేని మండాసీలు విడిగా వేయించి పంపింది. ఫనేసి ఒకటి తిని, "చక్కెర లేకపోయినా మనసు పెట్టి వేయించింది" అంది.

లాక్సన్ దుకాణంలో కూర్చున్నాను. మాటల మధ్యలో వాడు నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"ఏంట్రా ఆ చూపు?"

"ఏం లేదు. అలవాటు. మనిషి కనబడితే పొడవు చూస్తా. నువ్వు ఈమధ్య కొంచెం వంగినట్టున్నావు. చెక్క కలిసొస్తుంది."

నవ్వాను. ఇంటికి వచ్చాక అద్దంలో చూసుకున్నాను. నిజంగానే కొంచెం వంగాను.

ఏప్రిల్ 17

నిద్ర సరిగ్గా పట్టలేదు. రేడియోలో చక్కెరవాళ్ళ గురించే చెప్పారు. ఎప్పుడూ చక్కెరవాళ్ళ గురించే చెప్తారు. దేశంలో ఇంకెవరూ లేనట్టు.

ఏప్రిల్ 22

లివొండే వెళ్ళివచ్చాను. పింఛను పని మీద. ఫనేసితో అలాగే చెప్పాను.

ఈ డైరీ నాది కనుక ఉన్నది రాసుకుంటాను. పింఛను ఆఫీసు లివొండేలో లేదు. నేను వెళ్ళింది పరిశీలనకి. దూరం నుంచి వినే సాక్ష్యం వేరు, కళ్ళారా చూసే సాక్ష్యం వేరు. పాత కోర్టు టోపీ నుదుటి మీదికి లాక్కుని, మాస్కు కళ్ళదాకా పెట్టుకుని వరసలో ఒక రాయి పెట్టాను. నా ఇటుకను తెచ్చుకోలేదు. అక్కడి నర్సు లోపలికి రమ్మంది. పరిశీలించేవాడు లోపలికి వెళ్ళకపోతే పరిశీలన ఎలా అవుతుంది? కుర్చీలో కూర్చోమంది. చొక్కా చెయ్యి పైకి మడవమంది. మాట వినకపోతే అనుమానం వస్తుందని మడిచాను.

దోమ కుట్టినంత కూడా లేదు. నా ఇన్సులిన్ సూదే నయం అనిపించేంత మొరటుదేమో అనుకున్నాను. కాదు.

"జోంబా నుంచా తాతా?" అంది ఆ నర్సు. "మీ ఊళ్ళో మందు లేదా ఏంటి? అక్కణ్ణుంచి మినీబస్సు నిండుగా వస్తున్నారు."

వ్యాపారస్తులై ఉంటారు. లివొండే చేపల సంతకి వచ్చి పనిలో పనిగా వేయించుకుని పోతుంటారు.

వస్తూ వస్తూ గోడ వారన నల్ల వార్నిష్ పూసిన చెక్కముక్క ఒకటి పడి ఉండటం చూశాను. లివొండేలో కూడా శవపేటికలు చేసేవాళ్ళున్నారన్నమాట. అక్కడ వ్యాపారం అంత లాభసాటిగా ఉందని లాక్సన్‌కి చెప్పకూడదు.

ఇంటికి రాగానే ఫనేసి నన్ను ఏమీ అడగలేదు. గోరువెచ్చని తడిగుడ్డ తెచ్చి ఎడమ భుజం మీద వేసింది. ఏ చెయ్యి అని కూడా అడగలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, భార్యలకు అన్నీ ఎలా తెలుస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఏప్రిల్ 27, మంగళవారం

జ్వరం రాలేదు. చక్కెరకీ టీకాకీ ఇంట్లో గొడవ కూడా రాలేదు. ఇద్దరూ బాగానే సర్దుకున్నారు.

క్లబ్బులో యాంఖో మళ్ళీ అడిగింది. నా వైపే చూస్తూ అడిగింది. నలుగురి ముందు ఏం చెప్పను? చెయ్యి నరికినా అన్నవాణ్ణి. ఇక్కడ ఇంతమంది నా మాట మీద నిలబడి ఉండగా నేనొక్కణ్ణి తిరగబడితే నాయకత్వం అనే మాటకి అర్థం ఉంటుందా? కుడిచెయ్యి ఎత్తి "వాయిదా" అన్నాను. అందరూ "వాయిదా, వాయిదా" అని గట్టిగా అన్నారు. లాక్సన్ అందరికంటే గట్టిగా అన్నాడు. వాళ్ళని చూస్తే జాలేసింది. పాపం, నన్ను నమ్ముకున్నారు.

చప్పట్లు మాత్రం కొట్టలేదు. అందరూ కుడిచేత్తో బెంచీ మీద తట్టారు.

తర్వాత అబితి వచ్చింది. ఉపవాసానికి పెదవులు ఎండిపోయాయి. "మీరు వేయించుకున్నారా చైర్మన్ గారూ?" అని తిన్నగా అడిగింది. ఇలా తిన్నగా ఎవరూ అడగరు. కోర్టులో ప్లీడర్లు కూడా అడగరు.

"కేసు నడుస్తోందమ్మా" అన్నాను.

"అయితే నేనూ ఆగుతా."

నేను అబద్ధం చెప్పలేదు. అవుననలేదు, కాదనలేదు. దుబాసీ అడిగినదానికి జవాబు చెప్పాలి గానీ అడగనిది చేర్చకూడదు.

అడిగింది కదా.

మే 20

కాలం చెల్లిన టీకాలను నిన్న సర్కారు కాల్చేసిందని రేడియోలో చెప్పారు.

లాక్సన్ దుకాణంలో కోలాహలం. "చూశావా! మంచి సరుకైతే కాలుస్తారా? నేనొక పెట్టె చేస్తే కొనేవాడు దొరికేదాకా ఉంచుతా గానీ కాలుస్తానా? అందులో ఏదో ఉంది" అన్నాడు. అంటూనే ఎడమ భుజం తడుముకున్నాడు. నేను కూడా తడుముకున్నాను. ఇద్దరం ఒకేసారి చేతులు తీసేశాం.

"ఇంకా పట్టేసిందా?" అన్నాను.

"వదల్లేదురా" అన్నాడు.

మే 25, మంగళవారం

క్లబ్బు మండిపడింది. మనకోసం వచ్చిన మందుని, మన పేరు మీద వచ్చిన మందుని, మనల్ని అడగకుండా కాల్చడమేమిటని. యాంఖో "మీరే కదా వద్దన్నారు?" అంది.

"వద్దనలేదమ్మా, వాయిదా అన్నాం" అని నేను సరిదిద్దాను. మాట మాటే.

జూన్ 15, మంగళవారం

చిపెరోని జల్లు, అదే మా చలికాలపు ముసురు, మొదలైంది. కొండ కనబడటం లేదు. బెంచీల మీద దగ్గులు. మూడోసారి కరోనా వస్తోందంటున్నారు. అబితి దగ్గు అన్నిటికంటే పొడవుగా ఉంది. ఉబ్బసమే అంది.

జూన్ 21

ఈ సాయంత్రం అబితి మా ఇంటికి వచ్చింది. గొడుగు లేదు. మండాసీలు ప్లాస్టిక్ సంచిలో, తను వానలో. ఫనేసి టీ పెట్టింది.

"మా పిల్ల అసియాతు గొడవపెడతా ఉంది చైర్మన్ గారూ. వేయించుకో అమ్మా, వేయించుకో అంటా ఉంది. నేను చెప్పా, దుబాసీ గారు ఇంకా వేయించుకోలేదే, ఆయనకంటే నీకు ఎక్కువ తెలుసా అని. ఇంక నువ్వే ఆయన్ని అడుగు అంది. అందుకని వచ్చా. ఒక్క మాట. మీరు ఊఁ అంటే రేపే పోతా."

నేను టీలో చెంచా తిప్పాను. నా టీలో చక్కెర ఉండదు. అయినా తిప్పాను.

ఊఁ అంటే ఏమవుతుంది? రేపు వరసలో నిలబడి, చైర్మన్ గారు వెళ్ళమన్నారు అని అందరికీ చెప్తుంది. ఆ మనిషికి దాచడం రాదు. మీరు వేయించుకున్నారా అని వాళ్ళు నన్ను అడుగుతారు. ఎప్పుడు, ఎక్కడ అని అడుగుతారు. తీర్మానం చేసిన నోరు ఏమవుతుంది? క్లబ్బు ఏమవుతుంది?

"ఈ చలి కొంచెం తగ్గనివ్వమ్మా. దగ్గు మీద సూది మంచిది కాదంటారు" అన్నాను.

"అంటారా?"

"అంటారు."

వంటింటి గుమ్మంలో ఫనేసి నిలబడి నన్నే చూస్తోంది. అబితి వెళ్ళిపోయాక, "చెప్పుండాల్సింది" అంది.

"ఏం చెప్పాలి?"

"నాకెందుకు, మీకే తెలుసు" అని కప్పులు కడగడానికి వెళ్ళింది. కాసేపటికి లోపలినుంచి, "నేనైనా చెప్పుండాల్సింది" అంది. ఆవిడకి చెప్పడానికేముందో నాకు అర్థం కాలేదు.

దగ్గు మీద సూది మంచిది కాదని ఎవరంటారు? ఎవరో అనే ఉంటారు.

జూన్ 29, మంగళవారం

అబితి నన్ను అడగడం మానేసింది. పొద్దున్నే నేరుగా వెళ్ళి టీకా గది తలుపు కొట్టింది. మందు అయిపోయిందట. ఊళ్ళోనే కాదు, ఎక్కడా లేదట. మళ్ళీ ఎప్పుడొస్తుందో యాంఖోకి తెలియదు.

అబితి కోపం తెచ్చుకోలేదు. తన నీలం కప్పుని టీకా గది తలుపు ముందు, అరుగు మీద పెట్టింది.

"ఇదేంటి అవ్వా, మందే లేదంటుంటే?" అంది యాంఖో.

"వచ్చినప్పుడు వస్తుంది గదా. నా వంతు నాకు ఉండనీ. మొదటి గుర్తు నాదే, అందరూ చూడండి!" అని నవ్వింది. నవ్వేసరికి దగ్గు తెర వచ్చి అరుగు మీదే కూర్చుండిపోయింది.

నా వైపు చూసి, "చలి తగ్గేదాకా ఆగలేకపోయానయ్యా, ఏమనుకోకండి" అంది.

ఏమీ అనుకోలేదన్నాను.

జూలై 6, మంగళవారం

అబితి రాలేదు.

జూలై 8

అబితిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారట. కరోనానే అన్నారట. ఫనేసి చూడబోతే లోపలికి పంపలేదు. అసియాతు గేటు బయట చాప వేసుకుని కూర్చుని ఉందట.

అక్కడ మంచి డాక్టర్లున్నారు. ఉబ్బసం ఆమెకి కొత్త కాదు.

జూలై 11

అబితి సుమానీ పోయింది.

జూలై 12

ముస్లింల పద్ధతిలో ఖననం ఆలస్యం చెయ్యరు. ఆసుపత్రి వాళ్ళు దూరంగా నిలబడమన్నారు. దూరంగానే నిలబడ్డాం.

లాక్సన్ తన దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మంచి పెట్టె ఊరికే ఇస్తానని తోపుడు బండి మీద పెట్టుకుని వచ్చాడు. జీవితంలో మొదటిసారి ఊరికే ఇచ్చాడు. వాళ్ళు శవాన్ని పెట్టెలో పెట్టరు, గుడ్డలోనే పెడతారు. ఇన్నేళ్ళుగా యావో వాళ్ళ మధ్య బతుకుతున్నవాడికి అది తెలియక కాదు, ఆ క్షణంలో తోచలేదు. అక్కడే కూర్చుని పెట్టెని ఊడదీసి, గోతిలో అడ్డంగా పరచడానికి పలకలు కోసి ఇచ్చాడు. రెండు చేతులతోనూ కోశాడు.

అసియాతు నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. "అమ్మ మీ మాటే చెప్పేదయ్యా. దుబాసీ గారు వేయించుకున్న రోజు నేనూ వేయించుకుంటా అనేది. మీరు జాగ్రత్త. మీకూ చక్కెర ఉంది గదా, మీరైనా ఎలాగోలా వేయించుకోండి" అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 13, మంగళవారం

క్లబ్బుకి వెళ్ళలేదు. పాదం నొప్పి.

జూలై 14

పాదం నొప్పేమీ లేదు.

జూలై 20, మంగళవారం

వెళ్ళలేదు.

ఆగస్టు 10, మంగళవారం

టీకా మళ్ళీ వచ్చింది. ఫనేసి నా ఇటుకని సంచిలో వేసి నా చేతికిచ్చి, పదండి అంది.

ఇదివరకెన్నడూ లేనంత మంది వచ్చారు. అబితి సంగతి ఊరంతా పాకింది కదా. చక్కెర లేనివాళ్ళు, బీపీ లేనివాళ్ళు, ఫుట్‌బాల్ కోచ్ కూడా. రాళ్ళూ సీసాలూ చెప్పులూ అరుగు నుంచి గేటు దాకా ఉన్నాయి. అన్నిటికంటే ముందు, తలుపు దగ్గర, నీలం కప్పు. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది. ఊడ్చేవాళ్ళు చుట్టూ ఊడ్చారట గానీ కదపలేదట. వాన నీళ్ళు నిండితే యాంఖో ఒంపేసి మళ్ళీ అక్కడే పెట్టేదట.

వచ్చారన్నమాటే గానీ ముందుకి రావడానికి ఎవరూ కదలరు. అందరూ నా వైపే చూస్తున్నారు. కోచ్ పైకే అనేశాడు. "చైర్మన్ గారు వేయించుకుంటే మేమూ వేయించుకుంటాం."

ఆ మాటే. మళ్ళీ అదే మాట.

లేచాను. రాత్రి పెద్ద ఉపన్యాసం తయారుచేసుకున్నాను. మొదలుపెట్టడం ఎలాగో గుర్తు రాలేదు. "నేను వేయించుకున్నాను. ఏప్రిల్లోనే. లివొండేలో. మీ ఎవరికీ చెప్పలేదు" అన్నాను.

రాయి విసురుతారనుకున్నాను. ఎవరూ విసరలేదు. అప్పుడు నా పక్కనుంచి ఫనేసి, "నేను ఈస్టర్‌కి ముందే వేయించుకున్నా. అక్క ఇంటికని చెప్పి" అంది.

ఆవిడ వైపు తిరిగాను. తడిగుడ్డ గుర్తొచ్చింది.

లాక్సన్ గొంతు సవరించుకున్నాడు. "నేను కూడానూ. మేకు కాదురా భుజం పట్టేసింది." గాయక బృందంలో ఒకావిడ, "మేం నలుగురం కలిసే వెళ్ళాం, ఒకే మినీబస్సులో. ఒకరికొకరం చెప్పుకోలేదు, దిగాక చూసుకున్నాం" అంది. ఆ వెనకాయన చెయ్యెత్తాడు. అతని వెనకావిడ. బెంచీల మీద చేతులు లేస్తూనే ఉన్నాయి, మీరూనా, నువ్వూనా అని. ఎవరో ముందు కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ పగలబడి నవ్వారు. ఒకటే మాట అని తీర్మానం చేసిన వాళ్ళమంతా లివొండే మినీబస్సుల వాళ్ళని పోషించాం. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండటం నావల్ల కాలేదు.

లాక్సన్ కళ్ళు తుడుచుకుంటూ, "ఓరి నాయనో! అయితే మన క్లబ్బులో వేయించుకోనిదెవర్రా?" అన్నాడు.

నవ్వు అక్కడే ఆగిపోయింది. లాక్సన్ తల దించుకున్నాడు. కావాలని అన్నది కాదు, నోరు జారింది.

యాంఖో తలుపు తీసింది. పద్ధతి ప్రకారం, "మొదటి గుర్తు ఎవరిది?" అంది. తెలిసే అడిగిందో, తెలియక అడిగిందో నాకు తెలియదు. కప్పుని తీసి పక్కన పెట్టడానికి ఎవరి చెయ్యీ రాలేదు. దాన్ని దాటి వెళ్ళడానికి ఎవరి కాలూ రాలేదు. వరస అలాగే నిలబడిపోయింది.

"ఎవరిది ఈ కప్పు?"

"నాది" అన్నాను.

"మీరు వేయించుకున్నానన్నారు గదా సార్? మీది ఇటుక గదా?"

"నాది. నేను అబితి సుమానీని. నాకు చక్కెర, ఉబ్బసం. నేను దుబాసీ గారిని మూడుసార్లు అడిగాను. ఆయన వేయించుకున్నారని నాకు చెప్పలేదు. నా వంతు ఇది" అన్నాను.

ముందు యావోలో అన్నాను, ఆమె ఎలా అనేదో అలా. తర్వాత అందరికీ తెలిసిన చెవా భాషలో అన్నాను. కోర్టులో చేసినట్టే. ఈసారి ఎవరూ కిసుక్కుమనలేదు. మధ్యలో ఒకచోట తడబడి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను. సగం వాక్యం చెప్పి వదిలేస్తే దుబాసీ పని చేసినట్టు కాదు.

వరసలో ఎక్కడో వెనకనుంచి అసియాతు వచ్చింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఈసారి జాగ్రత్త అనలేదు. కప్పుని తీసుకుని, కొంగుతో దుమ్ము తుడిచి, ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఎడమ చెయ్యి చాచింది. ఆమె వెనక కోచ్ వెళ్ళాడు. ఆ తర్వాత రాళ్ళూ సీసాలూ చెప్పులూ కదిలాయి.

అధ్యక్ష పదవికి రాజీనామా చేస్తానన్నాను. ఇంకెవరికీ ఆ పదవి అక్కర్లేదట. వచ్చే మంగళవారం చూద్దామన్నారు. వాయిదా.

ఇంటికి వచ్చాక ఫనేసి తడిగుడ్డ తెచ్చింది. ఈసారి ఎక్కడ నొప్పి అని అడిగింది. ఎక్కడా లేదన్నాను.

నా మాట నమ్మలేదు. గుడ్డ పట్టుకుని పక్కనే కూర్చుంది.